గింజలు తీసేసిన తుపాకీ

తొలిసారి ఈనుతున్న పడ్డ కడుపులో మారెన్ కుడిచెయ్యి భుజం దాకా ఉంది. నొప్పి వచ్చిన ప్రతిసారీ లోపలి కండ బిగుసుకుని ఆ చేతిని ఎముకకేసి దంచినట్టు నలిపేస్తోంది. నొప్పి వదలగానే వేళ్లు మళ్లీ తనవవుతున్నాయి, ఆ కాస్త వ్యవధిలోనే అవి చీకట్లో వెతుక్కోవాలి, దూడ ముక్కెక్కడ, దవడెక్కడ. ముందుకాళ్లు రెండూ బయటికొచ్చి గొలుసుకి చిక్కాయి గానీ తల రాలేదు, వెనక్కి తిరిగి తన డొక్కని తానే చూసుకుంటున్నట్టు మడిచిపెట్టుకుంది. మారెన్ చెంప పడ్డ తొడకి ఆనుకుని ఉంది. తొడ మీది వెంట్రుకల్లో ఎండిన పేడ ఉండలు చెంపకి గుచ్చుకుంటున్నాయి, ముక్కు నిండా నెత్తురు, ఉమ్మనీరు, అయొడిన్ వాసన. మామ ఆర్విడ్ తోక పక్కకి లాగి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చేతులు పారల్లాంటివి, ఆపైన కీళ్లవాతంతో వేళ్లు కొంకర్లు పోయాయి, తొలిచూలు పడ్డలో అవి పట్టవు. అందుకే మధ్యాహ్నం ఫోన్ చేసి ఒక్క ముక్క అన్నాడు: "నీ చెయ్యి సన్నం కదా పిల్లా, రా." పశువుల డాక్టరు నది అవతల ఇంకెవరిదో ఆవు దగ్గరున్నాడట. మొగుడు లార్స్ ట్రాక్టరు సామాను కోసం బిల్లింగ్స్ పట్నం వెళ్లాడు. కూతురు టెస్‌ని ఎక్కడ వదలాలో తెలియక వెంటబెట్టుకొచ్చింది, తెచ్చి మామ వంటింట్లో కూర్చోబెట్టింది. అక్కడ ఆడబిడ్డ కొడుకు కోల్టర్ ముందే ఉన్నాడు. పదేళ్లవాడు. ఆరేళ్ల టెస్‌కి వాడేం చెబితే అదే వేదం. బయట చలి, గడప దాటకండి, బిస్కట్లు తింటూ బుద్ధిగా ఉండండి అని చెప్పి, కోటు విప్పి, చేతికి సబ్బునీళ్లు రాసుకుంటూ కొట్టానికి పరిగెత్తింది. దారిలో దాణాకొట్టు పక్కన మంచు మీద కంపుపిల్లి పడి ఉంది. నల్లటి ఒంటి మీద తెల్లచార, తలలో రెండు మూడు చిల్లులు, వాటి చుట్టూ మంచు గులాబీరంగుకి తిరిగింది, కాళ్లు ఇంకా బిగుసుకోలేదు. కళ్లు చూశాయి, కాళ్లు ఆగలేదు. చూసినదేమిటో ఇప్పుడు, చెయ్యి భుజం దాకా ఇరుక్కున్నాక, మనసుకి తట్టింది.

వేలికి ఏదో మెత్తగా తగిలింది. పెదవి. బొటనవేలు నోట్లోకి పోనిచ్చింది, గరుకు నాలుక ఆ వేలిని ఒకసారి చుట్టి చప్పరించింది. బతికే ఉంది. పుట్టకముందే పాలకోసం వెతుక్కుంటోంది. తమ్ముడు డేన్ కూడా ఇట్లాగే ఎవరి వేలు దొరికితే వాళ్ల వేలు నోట్లో పెట్టుకునేవాడు, ఐదేళ్లొచ్చినా మానలేదు, అమ్మ వేపరసంలాంటి చేదుమందేదో రాస్తే అదీ చప్పరించేశాడు. ఆ రోజు కూడా వాడి ఎడమచేతి రెండు వేళ్లు నోట్లోనే ఉన్నాయి, కుడిచేతిలో చెంచా, గిన్నెలో మొక్కజొన్న అటుకులు పాలల్లో నానుతున్నాయి. ఇప్పుడు కాదు, డేన్, ఇప్పుడు కాదు. దవడ కింద వేలు మెలిపెట్టాలి, తల ఇటు తిప్పాలి, తిప్పుతుండగా నొప్పి రాకూడదు. కంపుపిల్లిని దేంతో కొట్టాడు. దేంతో కొడతాడు, వంటింటి తలుపు వెనక ఉండే చిన్నతూటాల తుపాకీతోనే. ఇరవైరెండు. ఈ తాలూకాలో దాన్ని తుపాకీ అని కూడా అనరు. తూటా కొలతని పట్టి ఇరవైరెండు అంటారు, చీపురు అన్నట్టు, బకెట్టు అన్నట్టు. దాని తూటాలు చిటికెనవేలి గోరంత, ఆర్విడ్ వాటిని గింజలంటాడు. పందికొక్కులకి, కంపుపిల్లులకి, కాలు విరిగిన గొర్రెకి. పుట్టినరోజుకి పిల్లలకి కొనిచ్చేది కూడా అదే.

"మామయ్యా."

"ఊఁ."

"ఆ కంపుపిల్లిని ఎప్పుడు కొట్టారు?"

"ఇందాకే, నీకు ఫోన్ చేసేముందు. కోళ్లగూటి కిందనుంచి తూలుకుంటూ వచ్చింది. పట్టపగలు తిరుగుతోందంటే దానికి పిచ్చి ఎక్కినట్టే."

"తుపాకీ తలుపు వెనకే ఉందా?"

"దానికేమన్నా కాళ్లున్నాయా, ఎక్కడికన్నా పోడానికి?"

నొప్పి వచ్చింది. పళ్లు బిగబట్టింది. చెయ్యి లోపల చితికిపోతుంటే కళ్లముందు ఎర్రటి చుక్కలు తిరిగాయి. ఆ చుక్కల్లోంచి ఆర్విడ్ గొంతు, కాస్త మెత్తబడి, తనకి తాను చెప్పుకుంటున్నట్టు వినిపించింది. "ఖాళీ చేశాలే. పిల్లలొస్తున్నారని గొట్టం లాగి గింజలన్నీ కాఫీ డబ్బాలో పోశా. నువ్వు నస పెడతావని తెలుసు." ఆ మాటకి ఒంట్లో ఏదో వదులైంది. చేశాడు. అడక్కుండానే చేశాడు. ఈ మనిషి అత్తగారు పోయిన రోజు కూడా పశువులకి మేత వేసి వచ్చి అప్పుడు కూర్చున్నాడు, ఒకరు చెప్పారని ఒక పని చేసిన పాపాన పోలేదు, అలాంటివాడు మనవరాలు వస్తోందని గొట్టం ఖాళీ చేశాడు. మంచిది. తల తిప్పు. వేలు దవడ పళ్ల వెనక్కి పోనివ్వు. మంచిది. ఆ మంచిది అన్న మాట నోట్లో ఇంకా ఉండగానే దవడ వెతుకుతున్న వేలు ఆగిపోయింది.

గొట్టం.

ఆ బోడి గొట్టం సంగతి పోయినవారం బడి ఆటలహాల్లో కౌంటీ నర్సు చూపించింది. అమ్మానాన్నలందర్నీ రమ్మన్నారు, ఆడవాళ్లు మడతకుర్చీల్లో కూర్చున్నారు, మగవాళ్లు వెనకగోడకి ఆనుకుని చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు, టోపీ ఒక్కరూ తియ్యలేదు. నర్సు బల్లమీద ఇరవైరెండు పెట్టి, దాని ముక్కు కింది సన్న ఇత్తడి గొట్టాన్ని లాగింది, లోపలినుంచి ఉత్తుత్తి తూటాలు కేకు పళ్లెంలోకి టపటపా రాలాయి. ఇప్పుడిది ఖాళీయేనా, అనేవాళ్లు చెయ్యెత్తండి అంది. సగం చేతులు లేచాయి. ఆవిడ గడియ వెనక్కి లాగింది, లోపల అప్పటికే పోయి కూర్చున్న ఒక్క తూటా ఎగిరి నేలమీద పడి టంగుమని దొర్లింది. ఒకసారి పేలగానే ఇంకోటి దానంతటదే లోపలికెళ్లి కూర్చుంటుంది, గొట్టం ఖాళీ చేసినా అది కదలదు, గడియ లాగి వేలు పెట్టి చూసేదాకా ఏదీ ఖాళీ కాదు అని చెప్పింది. మారెన్ చెయ్యెత్తలేదు. ఆ ఊళ్లో అందరికీ తెలుసు మారెన్ ఎందుకెత్తలేదో, ఎవరూ ఆమెవైపు చూడలేదు, ఆ చూడకపోవడమే మెడమీద ఈగలా పాకింది. తర్వాత నర్సు తుపాకీ గడియ సందులోంచి దూర్చి వేసే తీగతాళాలు పంచింది, ఉచితం. వెనకగోడ దగ్గర ఎవడో అన్నాడు, "దొంగ వస్తే ఏమనాలమ్మా? కాస్త కూర్చో నాయనా, తాళంచెవి వెతుక్కొస్తా అనాలా?" నవ్వులు. ఆవిడా నవ్వింది. నవ్వి, మీ పిల్లల్ని ఇంకొకరింటికి పంపేముందు ఆ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా అని అడగండి అంది. అక్కడ నవ్వు ఆగింది. ఆవిడ పట్నం పిల్ల, తెలీదు. ఇక్కడ ఒక మనిషిని నీకెన్ని పశువులున్నాయని అడగకూడదు. అడిగితే బ్యాంకులో ఎంతుందో చెప్పమన్నట్టు. అడిగినవాణ్ణి ఆ మనిషి పేడ తొక్కిన బూటుని చూసినట్టు చూస్తాడు, అంతే, ఆ తర్వాత ఈనే వేళకి సాయం రమ్మన్నా రాడు. తుపాకీ సంగతి అడగడం అంతకంటే హీనం. నువ్వు చేతగానివాడివి, నీ ఇల్లు నమ్మదగ్గది కాదు అని మొహాన అనడమే. మారెన్ రెండు తాళాలు తెచ్చుకుంది, ఒకటి తమ ఇంటికి, ఒకటి మామకి. మామ దాన్ని అరచేతిలో ఎగరేసి చూసి, గట్టిదేనే అన్నాడు. ఈ రోజు ట్రక్కు దిగుతుంటే ఆ తాళం కనిపించింది. డీజిల్ ట్యాంకు మూతకి వేసి ఉంది. పోయిన నెల ఎవరో డీజిల్ కాజేశారుగా.

"మామయ్యా, గడియ లాగి చూశారా?"

"గొట్టం ఖాళీ అని చెప్పాగా."

"గొట్టం కాదు. గడియ."

తోక పట్టుకున్న చెయ్యి బిగిసింది. తోకని ఇంకో చేతికి మార్చుకుని అన్నాడు, "నీ మొగుడు పుట్టకముందు నుంచి ఆ తుపాకీ నా చేతిలో ఉంది. నా ఆవులో చెయ్యి పెట్టి నాకు పాఠాలు చెప్పకు."

నాన్న కూడా అంతే, పొలంలో పందికొక్కుల్ని కొట్టొచ్చి, గొట్టం లాగి, గింజలు సాసర్లో పోసి, తుపాకీ ఫ్రిజ్‌కి ఆనించి, చేతులు కడుక్కుని దొడ్లోకి వెళ్లాడు. చిన్నాన్న కొడుకు రోరీ సెలవలకి వచ్చి ఉన్నాడు, పదకొండేళ్లు, వాళ్లింట్లో పెద్ద తుపాకులే తప్ప ఇరవైరెండు లేదు. వాడు సాసర్లోకి చూశాడు, గింజలున్నాయి. తుపాకీవైపు చూశాడు. ఖాళీదే అన్నాడు. డేన్ ఈ లోకంలో విన్న చివరిమాట అది. పలక కింద పడ్డంత చప్పుడు, అంతకంటే పెద్దదేం కాదు, పక్కగదిలో అమ్మ రేడియో తగ్గించను కూడా తగ్గించలేదు. ఎడమ కనుబొమ్మ పైన పెసరగింజంత చిల్లు. డేన్ పడలేదు. కూర్చునే ఉన్నాడు, ఎవరో పిలిస్తే ఎవరా అని చూసినట్టు చూశాడు, నోట్లో వేళ్ల పక్కనుంచి పాలు కారాయి, తర్వాత ముక్కులోంచి నెత్తురు, ఆ తర్వాత వాడి మడమలు కుర్చీ కోడు మీద దరువు వెయ్యడం మొదలుపెట్టాయి, టకటకా టకటకా, కోతకొట్టంలో నుదుటి మీద దెబ్బపడ్డ కోడెల గిట్టలు కొట్టుకున్నట్టు. వెనకనుంచి బయటికి రాలేదు ఆ గింజ. చిన్నది కదా, బయటికొచ్చే బలం లేక బుర్రలోనే అటూ ఇటూ తిరిగింది. అమ్మ తడిగుడ్డతో తుడిచింది, పడి మోకాలు కొట్టుకుపోయినప్పుడు తుడిచినట్టు తుడిచింది, తుడిస్తే పోతుందనుకుంది. నాన్న ట్రక్కు నడుపుతుంటే డేన్ అమ్మ ఒళ్లో, మడమలు తలుపుకేసి కొట్టుకుంటూనే ఉన్నాయి, ధాన్యం గిడ్డంగి దాటేటప్పుడు ఆగాయి. ఆగిపోయినప్పుడు ఎనిమిదేళ్ల మారెన్‌కి అమ్మయ్య అనిపించింది, నొప్పి తగ్గిందనుకుని. నెల తిరక్కుండా అమ్మ మాంసం కత్తి తీసుకుని కుర్చీ కింద నేలకి పరిచిన షీటుని చదరంగా కోసి తీసేసింది, కింద చెక్క మీద కూడా మరక దిగి ఉంది, ఆ చెక్కని కూడా కత్తితో పొడిచింది, పొడుస్తూనే ఉంది, కత్తి మొన విరిగేదాకా. రోరీని ఎవరూ ఏమీ అనలేదు. వాడి భుజం మీద చెయ్యి కూడా ఎవరూ వెయ్యలేదు. మీసాలొచ్చాక వాడు కారు తీసుకెళ్లి రైలుపట్టాల మీద ఆపుకుని కూర్చున్నాడు. రైలు డ్రైవరు కూత వేస్తూనే ఉన్నాడట.

దవడ దొరికింది. మారెన్ వేళ్లు కొక్కెంలా వంగి కింది పళ్ల వెనక పడ్డాయి, తల ఇటు జరిగింది, ఇంకాస్త జరిగితే దారిలోకి వస్తుంది. ఆర్విడ్ ఆమె భుజం కదలికని బట్టే కనిపెట్టాడు. "దొరికిందా? వదలకు. ఈసారి నొప్పికి లాగుతా." సరిగ్గా అప్పుడు ఇంటివైపునుంచి టెస్ నవ్వు వినిపించింది, కిచకిచమని, ఎవరో చక్కిలిగిలి పెడుతున్నట్టు. తర్వాత కోల్టర్ గొంతు, ఏదో ఆజ్ఞ ఇస్తున్నట్టు. తర్వాత ఏమీ లేదు. నవ్వే పిల్ల నవ్వు మధ్యలో ఆగింది. పడ్డ బుసకొడుతోంది, కొట్టం రేకుల మీంచి మంచు కరిగి చుక్క చుక్క పడుతోంది, ఇంటివైపు మాత్రం ఏమీ లేదు.

"మామయ్యా, మీరెళ్లి చూసి రండి."

"పడ్డనెవరు పట్టుకుంటారు? కూలబడిందంటే నీ చెయ్యి పుల్లలా విరుగుతుంది. దూడ పడ్డాక ఇద్దరం పోదాం."

"ఇప్పుడే."

"నువ్విప్పుడు చెయ్యి తీస్తే తల మళ్లీ లోపలికి పోద్ది. మళ్లీ దొరకదు. తీగ పెట్టి ముక్కలుగా కోసి తియ్యాల్సొస్తది పిల్లా, నీ చేత్తోనే."

తెలుసు. పోయినేడు కోసింది. తీగ రంపం లోపలికి పంపి, మెడకి చుట్టి, బయటినుంచి ఇద్దరు అటూ ఇటూ లాగుతుంటే ఎముక తెగే చప్పుడు చేతి ఎముకల్లోంచి పళ్లలోకి వచ్చింది. తల విడిగా వచ్చింది, కళ్లు తెరుచుకుని. ఈ దూడ తన వేలు చప్పరించింది. నాలుక ఇంకా వేలిని వెతుకుతోంది. మారెన్ వేళ్లు విప్పేసింది. తల జారిపోవడం, తిరిగి ఆ చీకటి మూలకి పోయి ముడుచుకోవడం అరచేతికి తెలిసింది. చెయ్యి బయటికి లాగింది, దాంతో పాటు వెచ్చటి నెత్తురు బొళుక్కున బూట్ల మీద పడింది. ఆర్విడ్ వెనకనుంచి ఏదో అన్నాడు. వినలేదు. పరుగు. బురద బూటుని పట్టి లాగింది, ఆ బూటు అక్కడే వదిలేసింది. కంపుపిల్లిని దాటింది. డీజిల్ ట్యాంకు, దాని మూతకి ఎండలో మెరుస్తున్న తాళం. టకటకా టకటకా, తన గుండా, మడమలా. ఈ దూరం ఇంతెప్పుడయింది. చప్పుడు రాకూడదు, తలుపు తీసేదాకా చప్పుడు రాకూడదు, పలక పడ్డంత చప్పుడు, వస్తే అది పెద్దగా కూడా వినిపించదు, ఒకవేళ వచ్చేసిందేమో, ఎముకలు నలుగుతున్నప్పుడు వచ్చిందేమో.

తలుపు తోసి ముందు దాని వెనక్కి చూసింది. కొక్కేనికి పాత కోటు వేలాడుతోంది, కింద బూట్లు. తుపాకీ లేదు.

టెస్ నేలమీద పడి ఉంది. వెల్లకిలా, నోరు కొంచెం తెరిచి, ఒక చెయ్యి కుర్చీ కోడు మీద. నల్ల ఉన్ని శాలువా ఒంటికి చుట్టి ఉంది, దాని మీద తెల్లటి తువ్వాలు నిలువునా. పొయ్యి దగ్గర కోల్టర్, వాడి చేతుల్లో ఇరవైరెండు, మొన టెస్‌వైపు. మారెన్ ఒక్క అడుగు లోపలికి వేసింది. నేల మీద నెత్తురు చుక్క, ఇంకో చుక్క. అవి తన మోచేతినుంచే పడుతున్నాయని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"అమ్మా," అంది టెస్ కళ్లు తెరవకుండానే, "నేనింక లేవొచ్చా? చచ్చిపోయి చాలాసేపయింది."

"కంపుపిల్లి మాట్లాడదు," అన్నాడు కోల్టర్.

బెదిరిన గుర్రప్పిల్లతో మాట్లాడే గొంతు ఒకటుంటుంది. అది ఎక్కడినుంచో మారెన్‌కి వచ్చింది. "కోల్టర్. వేళ్లు కదపకు నాన్నా. దాన్ని మెల్లిగా పైకి, కప్పువైపు తిప్పు. అట్లా. అట్లాగే ఉంచు." వాడు తిప్పాడు, ఆమె చెయ్యి చూసి మొహం పాలిపోయింది. "ఖాళీదే అత్తా. తాత గింజలు తీసేశాడు. అదుగో డబ్బా." ఆమె తుపాకీ అందుకుంది. గడియ పట్టుకుంటే నెత్తురుకి, ఉమ్మనీటికి వేళ్లు జారాయి. చొక్కా అంచుతో పట్టుకుని మళ్లీ లాగింది.

ఇత్తడి గింజ ఎగిరి, పొయ్యి మీది కెటిల్‌కి తగిలి, నేలమీద దొర్లుకుంటూ పోయి గడప దగ్గర ఒక బూటుకి ఆనుకుని ఆగింది. ఆ బూటు ఆర్విడ్‌ది. ఆయన గుమ్మం పట్టుకుని రొప్పుతున్నాడు, రెండో చేతిలో ఆమె వదిలేసిన బూటు ఉంది, ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలిసినట్టు లేదు. గింజని చూశాడు.

"మీట నొక్కావా?" ఆయన గొంతు ఆయనది కాదు.

"లేదు తాతా. నోటితోనే ఢాం అన్నా."

"ఎందుకు నొక్కలేదు?"

కోల్టర్‌కి ఆ ప్రశ్న అర్థం కాలేదు. తాత తనని పరీక్ష చేస్తున్నాడనుకున్నాడు. నిటారుగా నిలబడి, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "ఖాళీ ఇరవైరెండుని నొక్కకూడదు. నొక్కితే లోపలి సూది అరిగి తుపాకీ పాడైపోతుంది. నువ్వే కదా చెప్పావు."

తుపాకీ పాడవుతుందని. మారెన్ తుపాకీ ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచు మీద కూర్చుంది. పిల్ల పాడవుతుందని కాదు, తుపాకీ పాడవుతుందని. రోరీ వాళ్లింట్లో ఇరవైరెండు లేదు, వాడికి ఆ సూది సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే డేన్‌కి ఇప్పుడు బట్టతల వచ్చి ఉండేది, రోరీ వాడి గడ్డిమోపుల గురించి అబద్ధాలు చెబుతూ ఉండేవాడు.

ఆర్విడ్ వంగాడు. కొంకర్లు పోయిన వేళ్లకి గింజ దొరకలేదు. పట్టబోతే జారింది, మళ్లీ పట్టబోతే గడప సందులోకి పోయింది. టెస్ చచ్చిపోవడం మానేసి లేచి, శాలువా ఈడ్చుకుంటూ వెళ్లి, చిన్నవేలితో దాన్ని బయటికి తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇదిగో తాతా, నీ గింజ."

ఆయన పిడికిలి మూసుకుని బయటికి నడిచాడు. కొట్టంలో పడ్డ అరిచింది, దీర్ఘంగా, ఆగి మళ్లీ. దూడ దగ్గరికే పోతున్నాడనుకుంది మారెన్. కిటికీలోంచి చూస్తే కొట్టం దాటి పోయాడు. డీజిల్ ట్యాంకు దగ్గర వంగి నిలబడ్డాడు, చాలాసేపు ఏదో పెనుగులాడాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో తీగతాళం వేలాడుతోంది, దాన్నుంచి డీజిల్ చుక్కలు పడుతున్నాయి. లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు. ఎన్ని పశువులున్నాయని జన్మలో ఎవరినీ అడగని మనిషి, దారి తప్పినా అడగని మనిషి, టోపీ తీశాడు.

"దీన్నెట్లా పెట్టాలి పిల్లా?"

పడ్డ అరుస్తూనే ఉంది. మారెన్ లేచి, గడియ వెనక్కి లాగి పట్టుకుని, ఆ సందులోంచి తీగ ఎట్లా పోనివ్వాలో ముందు చూపించింది.